నాయనతో కకాడు దాకా

మా నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, ప్రొద్దుటూరు డిపో. మనిషి రిటైరయ్యాడు గానీ కుడికాలు రిటైరవలేదు, ఎవరి బండిలో కూర్చున్నా ముందు లారీ కనిపిస్తే చాలు లేని బ్రేకు తొక్కేవాడు. అలాంటి మనిషిని పక్క సీట్లో పెట్టుకుని, వెనక కారవాన్ అనే చక్రాల ఇల్లు తగిలించుకుని, ఆస్ట్రేలియాలో దక్షిణాన ఉన్న అడిలైడ్ నుంచి ఉత్తరాన ఉన్న కకాడు నేషనల్ పార్కు దాకా సుమారు మూడు వేల కిలోమీటర్లు తోలడం ఎలా ఉంటుందో ఇంట్లో డ్రైవరున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

2014 జులై. అమ్మా నాయనా విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. అడిలైడ్‌లో జులై అంటే చలికాలం, అదీ చినుకులతో కూడిన తడి చలి. అమ్మ స్వెట్టరు మీద స్వెట్టరు వేసి, పైన శాలువా కప్పుకుని హీటరు ముందు నుంచి కదిలేది కాదు. "ఈ దేశంలో ఎండ అనేది ఉండాదా లేదా?" అని ఒకరోజు గట్టిగానే అడిగింది. ఉంది, కాకపోతే ఉత్తరాన ఉంది అన్నాను. నాకేమో ఎప్పట్నుంచో కకాడులో ఆదివాసుల రాతి బొమ్మలు చూడాలని. అమ్మకి ఎండ, నాకు బొమ్మలు, నాయనకి రోడ్డు. మా ఆవిడకి మాత్రం ఆరుగురికి మూడు పూటలా వంట. ఆ మాట తను బయల్దేరకముందే అంది, తిరిగొచ్చాక కూడా అంది.

కారవాన్ అద్దెకి తీసుకున్నాం, ఆరుగురు పడుకునేది. నాయన దాని చుట్టూ తిరిగి కారు వెనక టో బాల్ అనే ఇనుప గుండు మీద అది సరిగ్గా కూర్చుందా, గొలుసులు రెండు పక్కలా తగిలించారా, ఇండికేటర్లు పనిచేస్తున్నాయా అన్నీ చూసి, టైర్లని కాలితో తన్ని, అప్పుడు సరే అన్నాడు. ఒక్క విషయంలో మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. బండి కదులుతున్నప్పుడు కారవాన్లో మనుషులు ఉండకూడదు, చట్టం. "మంచాలుండాయి, ఫ్యానుంది, పొయ్యుంది, ఎనక ఇల్లు పెట్టుకుని ముందర ఇరుక్కొని కూర్చోవడమేందిరా?" అని పోర్ట్ అగస్టా దాకా గొణుగుతూనే ఉన్నాడు.

పోర్ట్ అగస్టా దగ్గర స్టువర్ట్ హైవే మొదలవుతుంది. 1862లో దక్షిణం నుంచి ఉత్తర సముద్రం దాకా దేశాన్ని అడ్డంగా దాటిన జాన్ మెక్‌డవల్ స్టువర్ట్ పేరు పెట్టారు దానికి. అక్కణ్ణుంచి డార్విన్ దాకా ఒకటే రోడ్డు, 2,700 కిలోమీటర్ల పైచిలుకు. ఆ రోడ్డెక్కాక నాయన మొదటి రోజు సాయంత్రం దాకా ఏమీ మాట్లాడలేదు. ఎదురుగా ఎవరూ లేని రోడ్డుని అంతసేపు చూడటం ఆయనకి జీవితంలో అదే మొదలు. బర్రెలు లేవు, ఆటోలు లేవు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు లేవు. "హారను మర్చిపోతార్రా ఈడ డ్రైవర్లు" అన్నాడు సాయంత్రానికి.

రెండో రోజు నుంచి రోడ్ ట్రెయిన్లు కనిపించడం మొదలయ్యాయి. ఒక ఇంజను వెనక మూడు నాలుగు ట్రెయిలర్లు, మొత్తం పొడవు 53.5 మీటర్ల దాకా ఉంటుంది. మొదటిది ఎదురైనప్పుడు నాయన టైర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో వదిలేశాడు, అది దాటిపోయింది. దాని గాలికి మా కారవాన్ ఊగితే "స్టీరింగు గట్టిగా పట్టుకో, బ్రేకు తొక్కొద్దు, తొక్కొద్దు" అంటూ ఆయన మాత్రం తొక్కాడు. ఆ తర్వాత ఒక రోడ్‌హౌస్ దగ్గర ఆగినప్పుడు, అలాంటి బండే తోలే ఒక గడ్డపాయనతో ముక్కలు ముక్కలు ఇంగ్లీషులో, చేతులతో, ఓ అరగంట మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడావు నాయనా అంటే, "రిటర్న్ లోడ్ దొరకదంట పాపం" అన్నాడు.

గ్లెండంబో అనే చోట ఊరి బోర్డు మీద జనాభా రాసి ఉంటుంది: గొర్రెలు 22,500, ఈగలు సుమారు 20 లక్షలు, మనుషులు 30. మా పిల్లలు ఆ బోర్డు కింద ఫొటో దిగారు, ఈగల లెక్క తక్కువ రాశారని అమ్మ అభిప్రాయం. ఆ ఊరు దాటితే కూబర్ పీడీ దాకా దాదాపు 250 కిలోమీటర్లు పెట్రోలు బంకు ఉండదు. కూబర్ పీడీలో వేడికి తట్టుకోలేక జనం నేల కింద తవ్వుకుని ఇళ్ళు కట్టుకున్నారు, ఓపల్ రాళ్ళ ఊరు, దాని గురించి చాలామంది రాశారు, నేను వదిలేస్తా.

ఆ దారిలోనే ఎక్కడో, రాత్రి బసకని మట్టిదారిలోకి దిగి ఆగి తలుపు తీస్తే, గుప్పున ఊరగాయ వాసన. మా పెరట్లో చెట్టు నిమ్మకాయలతో అమ్మ పెట్టిన ఊరగాయ, పెద్ద గాజు సీసా, అలమర తలుపు తెరుచుకుని కింద పడి పగిలింది. నేల మీద, మంచాల కింద, చిన్నోడి చెప్పుల్లో, అంతా ఎర్రటి నూనె. తుడిచాం, సబ్బు పెట్టి కడిగాం, ఎండకి తలుపులు తీసిపెట్టాం, ఏం చేసినా ఆ కారవాన్ తిరిగి అప్పగించేదాకా కడప జిల్లా వాసనే వేసింది. ఆ వాసనకే ఒక సాయంత్రం కార్లూ కార్లూ దగ్గర, డెవిల్స్ మార్బుల్స్ అని కూడా అంటారు, పక్క కారవాన్లో ఉన్న ముసలి దంపతులు వచ్చి పలకరించారు. అమ్మ అప్పుడు రాగి సంగటి కెలుకుతోంది. గ్యాస్ పొయ్యి మీద, బయట, ఆ గుండ్రటి పెద్ద పెద్ద బండల మధ్య. వాళ్ళు రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి కారవాన్లోనే తిరుగుతున్నారట, ఇక్కడ అలాంటి వాళ్ళు బోలెడు. ఇల్లు అమ్మేశారన్న మాట నేను తెలుగులో చెప్పగానే అమ్మ వాళ్ళకి ఇంకో ముద్ద పెట్టింది.

ఉత్తరానికి పోయేకొద్దీ ఒంటి మీద బట్టలు తగ్గాయి, పుట్టలు పెరిగాయి. చెదపుట్టలు, మనిషి ఎత్తువి, అంతకంటే ఎత్తువి, రోడ్డుకి రెండు పక్కలా. దారిన పోయేవాళ్ళు సరదాకి వాటికి టీషర్టులు తొడిగి, టోపీలు పెడతారు. పిల్లలు పడీపడీ నవ్వారు. అమ్మ నవ్వలేదు, చేతులు జోడించింది. "పుట్టకి చొక్కా తొడగడమేంది, కళ్ళు పోతాయి" అంది. అందులో పాములుండవు జేజీ, చెదపురుగులే అని మా పాప చెప్పినా వినలేదు. మటరంకలో వేణ్ణీళ్ళ ఊట ఉంటుంది, ఎప్పుడూ 34 డిగ్రీలు. అందులో దిగి మెడదాకా కూర్చుని, అప్పుడు గానీ అడిలైడ్ చలిని అమ్మ క్షమించలేదు.

పైన్ క్రీక్ దగ్గర స్టువర్ట్ హైవే వదిలేసి కుడికి తిరిగితే కకాడు హైవే. కకాడు నేషనల్ పార్కు దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మా పాత కడప జిల్లా కంటే పెద్దది. దాని సొంతదార్లు అక్కడి ఆదివాసులు, ఉత్తరం వైపు వాళ్ళు బినింజ్, దక్షిణం వైపు వాళ్ళు ముంగ్గుయ్. వాళ్ళ భూమిలో చాలా భాగాన్ని వాళ్ళే పార్కుకి లీజుకిచ్చి, ప్రభుత్వంతో కలిసి నడుపుతున్నారు. వాళ్ళ లెక్కలో ఏడాదికి ఆరు రుతువులు. మేం వెళ్ళింది వుర్‌గెంగ్‌లో, చల్లటి పొడి కాలం. చల్లటి అంటే పగలు 30 డిగ్రీలు దాటుతుంది! అక్కడక్కడా గడ్డి తగలబడుతూ పొగ కనిపిస్తే నాయన కంగారుపడ్డాడు, బండి తిప్పమన్నాడు. తర్వాత తెలిసింది, అది తెలిసి పెట్టే మంట. గడ్డి మరీ ఎండకముందే కొంచెం కొంచెంగా కాలిస్తే తర్వాత పెద్ద కార్చిచ్చు రాదు. పొగ పైన గద్దలు తిరుగుతున్నాయి, బయటికి పరిగెత్తే తొండల కోసం.

రాతి బొమ్మలున్న ఉబిర్ అనే చోటికి దగ్గర్లో, మెర్ల్ క్యాంపులో దిగాం. అక్కడి దోమల గురించి ముందే విన్నాం, విన్నదానికి రెట్టింపు ఉన్నాయి. చీకటి పడ్డాక ఎవరూ గడప దాటలేదు.

ఇక బొమ్మలు. నిజం చెప్పాలంటే, నాకు మనసులో ఉన్నది మ్యూజియం లాంటిదేదో. ఉబిర్‌లో పెద్ద బండ ఒకటి ముందుకి వంగి చూరులా ఉంటుంది, దాని కింద గోడ పొడవునా బొమ్మలు, ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి. తాబేళ్ళు, ఉడుములు, కంగారూ జాతి జంతువులు, అన్నిటికంటే ఎక్కువ చేపలు. ఒక చేపని చూసి మా ఆవిడ ఆగిపోయింది. వాళ్ళది భీమవరం. "అత్తయ్యగారూ, ఇది పండుగప్పండీ" అంది. నిజంగానే అది బారముండి, అక్కడి నదుల్లో పేరుమోసిన చేప, మన గోదావరి వైపు పండుగప్ప అనేది ఆ చేపే. ఆ చేపని బయటి నుంచి చూసినట్టే కాక లోపల వెన్నెముక, కాలేయం, కొవ్వు అన్నీ కనిపించేట్టు గీశారు, ఎక్స్‌రే పద్ధతి అంటారు. అమ్మ దగ్గరికి పోయి, "గాలితిత్తి గూడా ఏసినార్రా. చేపని కోసినోళ్ళే ఇది గీసినారు, చూసి గీసింది కాదు" అంది. అంతకుముందు ఎన్ని చదివినా ఆ మాట నాకు ఎక్కడా కనిపించలేదు.

అక్కడ పొడి కాలం పొడుగునా రేంజర్లు ఊరికే, డబ్బులు లేకుండా, బొమ్మల గురించి చెప్తారు. మాకు దొరికినావిడ ఆదివాసీ మనిషి, నింపాదిగా మాట్లాడింది, మధ్యలో ఆగి దూరంగా చూసేది, మళ్ళీ మొదలుపెట్టేది. నేను పక్కన నిలబడి తెలుగులో చెప్తుంటే నేను పూర్తి చేసేదాకా ఆగేది. చేపల బొమ్మలు కొత్తవట. కొత్తవి అంటే ఈ కొన్ని వేల ఏళ్ళలో గీసినవి. మంచుయుగం పోయి సముద్రం పైకి వచ్చి, ఆ లోయల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కాక గానీ అక్కడికి ఆ చేప రాలేదు, రాని చేపని ఎవరూ గీయరు కదా. అంతకంటే పాతవాటిలో వేరే జంతువులుంటాయి. పైన ఒక బండ మీద థైలసీన్ ఉంది, వీపు మీద చారలున్న కుక్కలాంటి జంతువు, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం మీద సుమారు మూడు వేల ఏళ్ళ కిందటే అంతరించింది. టాస్మేనియాలో చివరిది 1936లో జూలో చచ్చిపోయింది. ఆ పక్కన ఎక్కడో చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డ తెల్లాయన బొమ్మ కూడా ఉంది. మా చిన్నోడికి థైలసీన్ కంటే ఆయనే నచ్చాడు, పనేం చెయ్యకుండా నిలబడ్డాడని.

ఇంకా పైన, మనిషికి అందని ఎత్తులో, చూరు లోపలి భాగంలో బొమ్మలున్నాయి. ఎలా గీశారు అని పాప అడిగింది. మిమీ అనే సన్నటి ఆత్మలుంటాయి, అవి ఆ బండని కిందికి దించుకుని, బొమ్మ వేసి, మళ్ళీ పైకి నెట్టేశాయి అని చెప్పింది రేంజర్. నేను నవ్వుతూ చెప్పబోయాను గానీ ఆవిడ నవ్వడం లేదు. నాయన తలెత్తి చాలాసేపు చూసి, "జాకీ యాడ పెట్టినారో అడుగు" అన్నాడు. ఆ ప్రశ్న నేను అడగలేదు.

మబుయు కథ చెప్పింది. మబుయు చేపలు పట్టి తాడుకి గుచ్చి లాక్కుపోతుంటే ఆశపోతులు కొందరు తాడు కోసి చేపలు ఎత్తుకుపోయారు. అతను గొడవ పెట్టుకోలేదు. వాళ్ళు అవన్నీ తిని గుహలో పడుకునేదాకా కాచుకుని, రాత్రి గుహ నోటికి పెద్ద బండ అడ్డం పెట్టాడు. తెల్లారి వాళ్ళు బయటికి రాలేదు. పిల్లలకి దొంగతనం చెయ్యొద్దని చెప్పే కథ. మావాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు, అమ్మ మాత్రం "మంచిపని చేసినాడు" అంది. ఆమెకి మా చీనీతోట దొంగలు గుర్తొచ్చి ఉంటారు.

నాయన ఎక్కువసేపు నిలబడింది ఇంకో బొమ్మ దగ్గర. మనిషి బొమ్మే, కానీ మోకాళ్ళు, మోచేతులు, కీళ్ళన్నీ ఉబ్బి ఉన్నాయి. మియమియ అనే జబ్బు అట, పవిత్రమైన ఒకానొక చోట రాళ్ళని కదిలిస్తే వస్తుందని, అటు పోవద్దని హెచ్చరిక. నాయన ప్యాంటు కొంచెం పైకి లాగి తన మోకాళ్ళు చూపించాడు, ముప్పై ఏళ్ళు క్లచ్చు తొక్కిన మోకాళ్ళు. "నా బొమ్మ ముందే గీసిపెట్టినారే" అన్నాడు. నేను తర్జుమా చేసేలోపే రేంజరు పెద్దగా నవ్వేసింది.

వెనక్కి వస్తూ కేహిల్స్ క్రాసింగ్ దగ్గర ఆగాం. ఈస్ట్ అలిగేటర్ నది మీద నీళ్ళలో మునిగే కాజ్‌వే, అవతలి ఒడ్డు ఆర్నెమ్ ల్యాండ్, ఆదివాసుల భూమి, పర్మిట్ లేకుండా పోకూడదు. పోటు వచ్చినప్పుడు నీళ్ళతో పాటు చేపలొస్తాయి, చేపల కోసం మొసళ్ళు వరసగా కాచుకుని ఉంటాయి. ఆ మొసళ్ళని చూడటానికి జనం గుంపు. నాయన మొసళ్ళని చూడలేదు, కాజ్‌వే దాటే బండ్లని చూశాడు. "నీళ్ళ కింద రోడ్డు కనపడకపోతే ఆపాల, అంతే, ఇంకేం లేదు" అని ఎవరికో చెప్పినట్టు చెప్పుకున్నాడు. వానాకాలంలో వంకల మీద బస్సులు దాటించిన మనిషి.

మర్నాడు బురుంగ్కుయ్ అనే ఇంకో బొమ్మల చోటు. అప్పుడు నోర్లంజీ అనే పేరే అందరి నోటా. అక్కడ అన్‌బంగ్‌బంగ్ గ్యాలరీలో నమర్గోన్ ఉంటాడు, మెరుపుల మనిషి. మెరుపు అతని చేతుల్నీ కాళ్ళనీ తలనీ కలుపుతూ ఒంటి చుట్టూ పట్టీలా తిరుగుతుంది, మోకాళ్ళకీ మోచేతులకీ రాతి గొడ్డళ్ళు, వాటితో మబ్బుల్ని కొడితే ఉరుము. పక్కనే అతని భార్య బర్గింజ్. కింద వరసగా మనుషులు. నేను కళ్ళార్పకుండా చూస్తూ, ఎన్ని వేల ఏళ్ళదో అనుకుంటుంటే అక్కడ చెప్పిన మాట విని ఆశ్చర్యపోయాను. ఆ వరస బొమ్మల్ని 1963-64 ప్రాంతంలో నయోంబొల్మి అనే పెద్ద చిత్రకారుడు గీశాడు. పాత బొమ్మల మీదే. ఆయన 1967లో పోయాడు. ఆ గుహ కింద జనం 20 వేల ఏళ్ళ నుంచి ఉంటున్నారు, బొమ్మ మాత్రం నాయన కంటే చిన్నది.

నాకు కొంచెం నిరాశగా అనిపించింది, దాచడమెందుకు. ఇంత దూరం వచ్చింది పాతవి చూడటానికి కదా అని. నాయనకి మాత్రం అప్పటిదాకా లేని హుషారు వచ్చింది. "అరవై నాలుగంటే నేను లారీ క్లీనరుగా చేరిన యేడు! నేను ఆడ టైర్లు విప్పుతాంటే ఆ పెద్దాయన ఈడ బొమ్మ గీస్తాండాడు" అని అమ్మకి చెప్పి, పిల్లలకి చెప్పి, కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పమని నన్ను పోరాడు. పాతదైతే ఎవరిదో. ఇది తన కాలం మనిషి చేసిన పని. అక్కడి రేంజరు కూడా దాదాపు అదే అన్నాడు, వాళ్ళకి బొమ్మ ఎంత పాతదన్నది కాదు ముఖ్యం, గీయడం ముఖ్యం, దాంతో పాటు చెప్పే కథ ముఖ్యం. కాకపోతే ఎవరు పడితే వాళ్ళు గీయకూడదు, ఆ కథ మీద హక్కున్న వాళ్ళే తిరగ్గీయాలి.

అమ్మ రంగు దగ్గర ఆగింది. "ఇది జేగురే గదరా" అంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో అరుగులకీ గోడల అంచులకీ పూసేది. నిజమే, ఇనుము ఎక్కువున్న ఎర్రరాయిని నూరి కలిపిందే. ఆ ఎరుపు రాతిలోకి ఇంకి అంటుకుపోతుంది, తెల్ల సుద్ద పెచ్చులుగా రాలిపోతుంది, అందుకే బాగా పాత బొమ్మలన్నీ ఎర్రవే మిగిలాయి. అమ్మకిది ఎవరూ చెప్పక్కర్లేదు, సున్నం యేటా కొట్టాలి, జేగురు ఉంటుంది అని ఆమెకి ముందే తెలుసు.

అప్పుడే ఆ రేంజరు అడిగాడు, మీ వైపు ఇలాంటివి ఉన్నాయా అని. నేను మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గురించి ఏదో చెప్పబోతుంటే నాయన అడ్డుపడి, "మా ముద్దనూరు పక్కన చింతకుంటలో ఉండాయంట. ఆ రూట్లో ఎన్నిసార్లు బస్సు తోలినానో లెక్కలేదు, ఒక్కసారి గూడా దిగి చూసింది లేదని చెప్పు" అన్నాడు. చెప్పాను. దిగండి ఈసారి అన్నాడు ఆయన.

తిరుగు ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా లేదు. అదే రోడ్డు, మధ్యలో చిన్నోడికి జ్వరం, పగటిపూట నిద్రపోతున్న నాయన కుడికాలు.

2017లో ఒక వార్త వచ్చింది. మేం కూరగాయలు కొనుక్కున్న జబిరు ఊరికి దగ్గర్లోనే, మిరార్ అనే ఆదివాసుల భూమిలో ఉన్న మజెద్‌బెబె అనే గుహ. అక్కడ దొరికిన నూరిన ఎర్రరాయి, అంచు అరగదీసిన రాతి గొడ్డళ్ళు 65 వేల ఏళ్ళ నాటివని తేల్చారు. కొందరు పరిశోధకులు ఆ అంకె ఒప్పుకోలేదనుకోండి. నేను ఉత్సాహంగా నాయనకి ఫోన్ చేసి చెప్తే, "వాళ్ళెప్పట్నుంచి ఉండారో వాళ్ళకు తెల్లదా? ఆ యమ్మ అప్పుడే చెప్పిండె గదా, మొదట్నుంచీ ఉండామని" అన్నాడు. 2021 జనవరిలో జబిరు పక్కనున్న యురేనియం మిల్లు పని ఆగిపోయింది, ఆ ఏడాది మధ్యలో ఊరు మిరార్ వాళ్ళ చేతికి తిరిగి వచ్చింది. ఇది వింటే నాయన ఏమనేవాడో. అదే ఏడాది, అంతకు కొన్ని వారాల ముందే ఆయన పోయాడు. బోర్డర్లు మూసి ఉన్నాయి. ఫోన్లో చూశాను.

కానీ ఆయన దిగాడు. మా దగ్గర్నుంచి వెళ్ళాక ఆ సంక్రాంతి తర్వాత, ఎవరికీ చెప్పకుండా ఒక్కడే ముద్దనూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని, గొర్రెలు కాసే ఒకాయన్ని బతిమాలి దారి చూపించుకుని చింతకుంట బండల దాకా పోయి వచ్చాడు. ఆ మోకాళ్ళతో. రాత్రి ఫోన్ చేసి గంటసేపు చెప్పాడు. ఎర్రవి ఉండాయి, తెల్లవి ఉండాయి, జింకలుండాయి, మూపురం ఎద్దులుండాయి, చేపలు లేవు. చెప్పేదానికి మాత్రం ఆ రేంజరమ్మ మాదిరి ఎవ్వరూ లేరు, తనకి తోచిందే చూసి వచ్చాడట. మరి నలుగురికీ చెప్పాలి కదా నాయనా అంటే, "మొన్న డిపోకి పోయి చెప్పినాలే ఆ రూటు పిల్లోళ్ళకు. ఎవరన్నా బొమ్మలు చూడాలని అడిగితే స్టేజీ లేదనొద్దు, ఆపి దించండి అని."